ప్రయోగశాలలలోని తాత్కాలికులు

మన రైళ్లు నడచు భారత ప్రామాణిక కాలమును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాపాడుచున్నది. జంషెడ్‌పూరులోని జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల 1950 నుండి పనిచేయుచున్నది. పిహెచ్.డి. ముగించిన యువజనులకు ఇట్టిచోట్ల రీసెర్చ్ అసోసియేట్‌షిప్పులు లభించును. ట్రాక్‌మన్ల, పోస్టుమన్ల బిడ్డలు తప్పక దరఖాస్తు చేయవలెను. కాని షరతులు చదివి మరీ చేయవలెను.

2023 జనవరి 1 నుండి మొదటి శ్రేణి వారి నెలసరి భృతి రూ. 47,000 నుండి రూ. 58,000 అయినది. ఆ పెంపు కొరకు పరిశోధకులు వీధికెక్కవలసి వచ్చినది. అయినను అది ఫెలోషిప్పే, ఉద్యోగము కాదు. గడువు తీరిన నాడు స్థిరనియామకము కోరు హక్కు వారికి లేదు. పేరు ఎంత గంభీరముగా నున్ననేమి! క్యాజువల్ లేబరుగను, ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంట్లుగను ఏండ్లు గడపినవారిని ఎరిగిన మనకు ఈ మాట కొత్త కాదు. శాశ్వత పదవులు కోరు ఈ యువ శాస్త్రజ్ఞుల పక్షమున మన శాఖలన్నియు తీర్మానములు చేసి పంపవలెను.