నమ్మరాని కథకుడు, పదునాఱేండ్ల పఠిత

పదునాఱేండ్ల ప్రాయమువారి కొఱకు వ్రాయబడు నవలలలో కథ చెప్పువాడే బొంకుటయో, సగము చెప్పి సగము దాచుటయో, తన మనస్సును తానే వంచించుకొనుటయో సంభవించినపుడు, అట్టి గ్రంథము లేతమనస్సులకు సత్యమునందలి విశ్వాసమును సడలించునని శంకించు పెద్దలు మనలో పెక్కుమంది కలరు. వారి శంక సద్భావజనితమే. అయినను నాకది సమ్మతము కాదు. ఎవరి మాట ఎంతవఱకు నమ్మవలయునను పరీక్ష బాలురకు ఇంటను బడిలోను నిత్యము ఎదురగుచునే యుండగా, పుస్తకమున మాత్రము ప్రతివాక్యమును ప్రమాణముగా గైకొనుమనుట వారి బుద్ధిని చిన్నపుచ్చుటయే.

అమెరికా రచయిత వాల్టర్ డీన్ మైయర్స్ 1999లో ప్రకటించిన 'మాన్‌స్టర్' నవలను చూడుడు. న్యూయార్కునందలి హార్లెమ్ వాడకు చెందిన స్టీవ్ హార్మన్ అను పదునాఱేండ్ల నల్లజాతి బాలుడు, మందుల దుకాణము దోపిడిలో యజమాని హతుడు కాగా, లోపల అపాయము లేదని దొంగలకొఱకు ముందుగా చూచివచ్చినాడను నేరమునకు విచారింపబడుచు, సినిమాలయందు మక్కువ కలవాడగుటచే ఆ విచారణనంతయు చలనచిత్రమునకు వ్రాయు రీతిని వ్రాసికొనును. నడుమనడుమ చెఱసాల దినచర్యను చేర్చును. పిప్పరమెంటు బిళ్లల కొఱకు దుకాణములోనికి పోయి మరలి వచ్చుట తప్ప తాను చేసినదేమని దినచర్యలో ప్రశ్నించుకొనినవాడే, న్యాయస్థానమున ప్రమాణము చేసి, ఆ దినమున అక్కడికి పోనేలేదని చెప్పును. ఏది నిజమో రచయిత యెక్కడను తేల్చడు. జ్యూరీ స్టీవును నిర్దోషియని విడిచిపెట్టును గాని, సంతోషముతో చేతులు చాచిన అతనినుండి అతని న్యాయవాదియే మొగము త్రిప్పుకొనును. చిన్నవాడును నల్లవాడునై బోనులో నిలుచుటయే సభ్యులలో కొందఱికి చాలిన సాక్ష్యమని ఆమెయే మున్ను హెచ్చరించి యుండెను. అట్టి సభలో వాడు భయముచే బొంకెనా, లేక తన్నుగూర్చి తానే వినజాలని యొక సంగతిని దాచుకొనెనా? జ్యూరీ చూడని దినచర్యను చూచినవాడు పఠిత యొక్కడే. కావుననే తీర్పు వారికంటె అతనికి కష్టతరము.

మన తెలుగువారికి మాత్రమీ మర్యాద క్రొత్తదా? మొక్కపాటివారి పార్వతీశము అమాయకముగను, ముళ్లపూడివారి బుడుగు డాబుగను తమ కథలు తాము చెప్పుకొనునపుడు, అసలు సంగతిని ఆ మాటల వెనుకనుండియే గ్రహించి నవ్వుకొంటిమి గదా.

జస్టీన్ లార్‌బలెస్టియర్ వ్రాసిన 'లయర్' (2009) మఱియు విచిత్రమైనది. తాను అబద్ధాలకోరునని మొదటనే ఒప్పుకొనిన మైకా అను నల్లజాతి బాలిక కథకు ప్రచురణకర్తలు అమెరికాలో తొలుత తెల్లజాతి బాలిక ముఖచిత్రమును సిద్ధపఱచిరి. దానిని చూచినవారిలో కొందఱు మైకా తన వర్ణముగూర్చియు బొంకుచున్నదని తలంచిరి. రచయిత్రియు పఠితలును నిరసింపగా చిత్రము మార్చబడెను. కథకురాలిని మించి అట్టయే బొంకినదన్నమాట!

ఇట్టి కథలన్నియు నాకు రుచించునని కాదు. ఇ. లాక్‌హార్ట్ రచించిన 'వి వర్ లయర్స్' (2014) నందు కథానాయిక కేడెన్స్ మఱపు ఆమె వేదనకంటె చివరి మలుపునకే ఎక్కువగా ఊడిగము చేయుచున్నదని నా అభిప్రాయము. ముగింపేమని ఎవరైన అడిగిన అబద్ధము చెప్పుడని దాని అట్టమీదనే అచ్చువేసిరి. 'మాన్‌స్టర్' తీర్పును నేనిప్పుడే బయటపెట్టితిని. దానివలన ఆ పుస్తకమునకు నష్టమేమియు లేదు.