లారీ డ్రైవరులకు శిక్షణము

లారీ నడుపువానికి ఎనిమిదవ తరగతి చదువుండి తీరవలెనను నిబంధనను కేంద్ర ప్రభుత్వమువారు 2019లో ఎత్తివేసిరి. బీదవాని బ్రతుకుతెరువునకు అడ్డు తొలగినందుకు మేము సంతసించుచున్నాము. బడికి పోనివాని చేతిలో నేర్పుండదనుట పొరపాటు. కాని చదువు తొలగినచోట శిక్షణము నిలువవలయును గదా! పెక్కురు నేటికిని క్లీనరులుగా చేరి, చూచి నేర్చినవారే. సరకు నిండిన లారీ కనుమదారిన దిగునపుడు బ్రేకులనే నమ్మినచో అవి కాగి పట్టు విడుచును. తక్కువ గేరులో దింపుట గురుముఖమున నేర్వవలసిన విద్య. కావున లైసెన్సు పరీక్ష బరువు నింపిన బండితోనే జరుగవలెను. శిక్షణకగు వ్యయము ప్రభుత్వమును లారీ యజమానులును కలిసి భరింపవలెను. వారు వెనుదీసినచో ఆ వెలను బాటసారులు ప్రాణములతో చెల్లింపవలసివచ్చును.