పీఎఫ్ సొమ్ముకు వారసులను ఎవరు వెతకాలి?

వరంగల్ ఆజంజాహి మిల్లు 1934లో మొదలైంది, 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది, మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. ఈ ప్రాంతంలో బీడీలు చుట్టి బతికిన ఆడవాళ్లూ తక్కువేం కాదు. ఇంట్లో కూర్చుని చుట్టేవారికి కూడా పీఎఫ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. మిల్లు మూతపడుతుంది, కాంట్రాక్టరు మారతాడు, కూలి చేసిన మనిషి కన్నుమూస్తాడు. జీతంలో కోసిన డబ్బు మాత్రం ఏదో ఒక ఖాతాలో ఉంటుంది. అది ఉందని తెలుసుకుని, నంబరు కనుక్కుని, తాము ఫలానావారి పిల్లలమేనని రుజువు చేసుకునే భారమంతా ఇంట్లోవాళ్లదే. ఈ పద్ధతి తలకిందులుగా ఉంది. ఎవరి పేరున ఎంత జమైందో పుస్తకాల్లో రాసుకున్నది భవిష్యనిధి (పీఎఫ్) సంస్థ. కాబట్టి వారసులను వెతకాల్సిందీ అదే.

నిబంధనలే చూడండి. అన్ని కాగితాలతో క్లెయిమ్ అందాక 20 రోజుల్లో పరిష్కరించాలి. సరైన కారణం లేకుండా ఆలస్యమైతే 12 శాతం వడ్డీని కమిషనర్ జీతంలోంచే కోయవచ్చు. మంచి నిబంధనే. కానీ ఆ గడియారం క్లెయిమ్ చేతికి అందాకే తిరుగుతుంది. అంతకు ముందు నడిచే గడియారం వేరు, అది కుటుంబానికి ఎదురు తిరుగుతుంది. సభ్యుడు చనిపోయిన మూడేళ్లలోగా ఎవరూ అడగకపోతే ఖాతా నిద్రాణమై వడ్డీ ఆగుతుంది. ఆ తర్వాత ఏడేళ్లకు సొమ్ము వయోవృద్ధుల సంక్షేమ నిధికి వెళుతుంది. అక్కడి నుంచి తిరిగి అడిగే హక్కు మరో 25 ఏళ్లు ఉంటుందన్న మాట నిజమే, ఆ సంగతి తెలిసినవాళ్లకు. చావు తేదీ నుంచి మూడేళ్లు లెక్కపెట్టడం తెలిసిన సంస్థకు, ఆ గడువులో ఆ ఇంటికి ఒక్క ఉత్తరం రాయడం మాత్రం విధి కాలేదు. 2023-24 చివరికి నిద్రాణ ఖాతాలు 21.55 లక్షలు, వాటిలో సొమ్ము రూ. 8,505 కోట్లని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2018-19లో ఇది రూ. 1,638 కోట్లే. ఇవన్నీ చనిపోయినవారివి కావు, ఉద్యోగం మాని మరిచిపోయినవారివీ ఉన్నాయి. అయినా సగటున ఖాతాకు 39 వేల రూపాయల పైమాటే.

పైగా కుటుంబానికి రావలసింది ఒక్క పీఎఫ్ కాదు. సర్వీసులో ఉండగా పోతే ఈడీఎల్ఐ బీమా కింద అర్హతను బట్టి రూ. 7 లక్షల దాకా వస్తుంది. భార్యకో భర్తకో పింఛను, 25 ఏళ్ల లోపు పిల్లల్లో ఇద్దరికి వేరే పింఛను ఉంటాయి. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు షరతు మరణానికి వర్తించదు. ఒక్కోదానికి ఒక్కో నియమం. పెళ్లికి ముందు తల్లి పేరున రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. నామినేషనే లేకపోతే కుటుంబంలో మిగతావాళ్లు ఉండగా మేజరైన కొడుకుకు, భర్త ఉన్న కూతురికి పీఎఫ్‌లో వాటా రాదు. కొడుకే పెద్ద దిక్కని నమ్మే మన ఇళ్లలో ఈ నియమం ఎందరికి తెలుసు? ఇక పేర్ల గొడవ. రిజిస్టరులో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి, మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరుతో లక్ష్మి. ముగ్గురూ ఒకరేనని చెప్పడానికి అఫిడవిట్లు, తహసీల్దారు కాగితం, ఒక్కోసారి కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం.

ఆన్‌లైన్‌లో నామినేషన్ పెట్టుకునే వీలుంది కదా, పెట్టుకోకపోతే తప్పెవరిదని అడగవచ్చు. ఈ రోజు గీసుగొండ దగ్గరి టెక్స్‌టైల్ పార్కులో చేరే కుర్రాడి విషయంలో ఆ మాట కొంత నిలుస్తుంది. కానీ ఆన్‌లైన్ నామినేషన్‌కు కావలసిన సభ్యుల శాశ్వత నంబరు యూఏఎన్ వచ్చిందే 2014లో. అంతకు ముందే పోయిన మనిషిని పోర్టల్‌లో నమోదు చేసుకోలేదని ఎలా తప్పుపడతాం? రెండో అభ్యంతరం మోసాలు. దొంగ వారసులు పుట్టుకొస్తారన్నది గట్టి మాటే, పీఎఫ్ దళారులను ఎరిగినవాళ్లెవరూ దాన్ని కొట్టిపారేయరు. అయితే ఖాతా వివరాలు జనం ముందు పెట్టమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. సంస్థ తన దగ్గరున్న చిరునామాకు తానే కబురు పెడితే దళారికి పని తగ్గుతుంది. ఏ కబురూ లేనప్పుడే కుటుంబం అతని గుమ్మం తొక్కుతుంది. తనిఖీ ఎలాగూ క్లెయిమ్ వచ్చాక జరిగేదే.

ఇది ఎక్కడా లేని కోరికేమీ కాదు. అమెరికాలో జీవిత బీమా కంపెనీలు తమ పాలసీదారుల పేర్లను ప్రభుత్వ మరణాల జాబితాతో సరిచూసి, లబ్ధిదారులను తామే వెతకాలని పలు రాష్ట్రాలు చట్టం చేశాయి. మనకూ జనన మరణాల నమోదు చట్టానికి 2023లో వచ్చిన సవరణతో జాతీయ స్థాయి మరణాల సమాచార నిధికి దారి పడింది. దానితో పీఎఫ్ ఖాతాలను సరిపోల్చవచ్చు. పాత మిల్లుల, బీడీ కంపెనీల రిజిస్టర్లు కంప్యూటర్‌కు అందవు, వాటికి మనుషులే కావాలి. వరంగల్‌లో పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది. నిద్రాణ ఖాతాలను సంస్థలవారీగా విడదీసి, పాత కార్మిక సంఘాల నాయకులను కూర్చోబెట్టి, లచ్చమ్మ ఏ వాడ మనిషో అడిగితే చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లో ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లకూ ఏళ్లు మీద పడుతున్నాయి.