ఏడాది ఇఖామా, పన్నెండేళ్ల ప్రాణం

సౌదీ అరేబియాలో కుక్కను పెంచుకోవడం ఇప్పుడు వింత కాదు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట అక్కడ ఉద్యోగం చేసి వచ్చినవారికి చెబితే ఈ మాట నమ్మరు. 2008 జూలైలో రియాద్‌లో మత పోలీసులు కుక్కల, పిల్లుల అమ్మకాన్నే నిషేధించారు. వాటిని వెంటబెట్టుకుని వీధిలోకి రావడమూ నేరమే అన్నారు. కుక్కను సాకుగా చూపి యువకులు ఆడవాళ్లతో మాట కలుపుతున్నారన్నది అప్పటి ఆరోపణ. 2016 ఏప్రిల్‌లో ఆ పోలీసులకు అరెస్టు చేసే అధికారం పోయింది. 2020లో అల్ ఖోబర్‌లో కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ తాగే కేఫ్ తెరుచుకుంది. ఆంక్షలు సడలాయి. కుక్క కావాలనే పిల్లల కోరికకు అక్కడి తెలుగు ఇళ్లలో అడ్డు చెప్పడమూ కష్టమైంది.

ఆ కోరికలో తప్పు లేదు. తాతయ్యా నాయనమ్మా దగ్గర లేరు. ఆడుకోవడానికి వీధి లేదు. స్కూలు బస్సు దిగితే మళ్లీ నాలుగు గోడల ఫ్లాటే. అలాంటి ఇంట్లో గుమ్మం దగ్గర ఎదురుచూసే ప్రాణి ఒకటి ఉంటే పిల్లల ముఖం వికసిస్తుంది. కాదనలేం. కానీ ఆ ప్రాణి ఎన్నేళ్లు బతుకుతుందో, మనం ఆ దేశంలో ఎన్నేళ్లు ఉంటామో ఎదురెదురుగా పెట్టి చూసుకోకుండానే చాలామంది దాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

చక్కగా చూసుకుంటే కుక్క పది నుంచి పదమూడేళ్లు బతుకుతుంది. సాధారణ ఉద్యోగికి నివాస అనుమతి పత్రమైన ఇఖామా ఏటేటా రెన్యూ కావాలి. కాంట్రాక్టు చాలా కంపెనీల్లో రెండేళ్లు. ప్రాజెక్టు అయిపోవచ్చు, ఉద్యోగాలను స్థానికులకు ఇచ్చే సౌదీకరణలో మన పోస్టు పోవచ్చు, ఊళ్లో పెద్దవాళ్లకు జబ్బు చేయవచ్చు. శాశ్వతంగా తిరిగి వెళ్లేందుకు ఇచ్చే ఫైనల్ ఎగ్జిట్ వీసా పడ్డాక దేశం విడిచి వెళ్లడానికి సాధారణంగా దొరికే గడువు 60 రోజులు. ఆ రెండు నెలల్లో కారు అమ్మాలి, బ్యాంకు అప్పు తీర్చాలి, పిల్లల టీసీ తీసుకోవాలి, ఇంటి సామాను కార్గోకు వేయాలి, కంపెనీ నుంచి రావలసిన డబ్బు వసూలు చేసుకోవాలి. కుక్క సంగతి ఆ జాబితాలో చిట్టచివరికి వస్తుంది.

ఇలా ఉన్నట్టుండి ఇల్లు కదలాల్సి రావడం గల్ఫ్ తెలుగువారికి ఊహ కాదు, అనుభవం. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం వలస ఉద్యోగుల కుటుంబసభ్యులపై తలకు నెలకు 100 రియాల్స్ రుసుము పెట్టింది. ఏటా వంద చొప్పున పెంచుతూ 2020 నాటికి దాన్ని 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఉద్యోగికి ఏడాదికి 14,400 రియాల్స్. మధ్యతరగతి జీతగాళ్లు చాలామంది ఆ భారం మోయలేక భార్యాపిల్లలను హైదరాబాద్‌కో విజయవాడకో పంపించి, తాము బ్యాచిలర్ గదులకు మారారు. అలాంటి నిర్ణయాలకు ఏళ్ల వ్యవధి దొరకదు. ఆరుగురు పంచుకునే గదిలో కుక్కకు చోటెక్కడిది?

వెంట తెచ్చుకుందామంటే దారి సులువు కాదు. పెంపుడు జంతువును సామానుతో పాటు మన దేశానికి తెచ్చుకునే వెసులుబాటు, కనీసం రెండేళ్లు విదేశంలో ఉండి నివాసం మార్చుకుని వస్తున్నవారికే ఉంది. అదీ మనిషికి రెండు జంతువుల వరకే. ఏడాదిన్నరకే ఉద్యోగం పోయి తిరిగొచ్చేవారికి ఆ వెసులుబాటు వర్తించదు. వారు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి విడిగా లైసెన్స్ తెచ్చుకోవాలి. కుక్కకు మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ టీకా వేయించి కనీసం 30 రోజులు గడిచి ఉండాలి, ఏడాది దాటి ఉండకూడదు. సౌదీ ప్రభుత్వ పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం, మన జంతు క్వారంటైన్ శాఖ అనుమతి పత్రం ముందే చేతిలో ఉండాలి. కుక్కను దింపుకునే విమానాశ్రయాలు దేశం మొత్తం మీద ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి వంటి కొన్ని మాత్రమే. గన్నవరంలోనో విశాఖలోనో దిగుదామంటే కుదరదు. పత్రాల్లో తేడా వస్తే కుక్కను క్వారంటైన్‌లో ఉంచే అధికారం, తిప్పి పంపే అధికారం అధికారులకు ఉన్నాయి. ఆ ఖర్చు యజమానిదే.

ఆపై విమానం. కుక్క లోపల నిలబడి, వెనక్కి తిరిగి, పడుకోగలిగేంత పెట్టె ఉండాలి. పగ్, షిట్‌జు, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులను చాలా విమాన సంస్థలు ఎక్కించుకోవు. వాటికి ఊపిరి తీసుకోవడమే కష్టం, సరుకుల అరలో చనిపోయే అవకాశం ఎక్కువ. నడివేసవిలో ఏ జాతినైనా తీసుకోని సంస్థలున్నాయి. పిల్లల చదువుల కోసం మన కుటుంబాలు ఇల్లు కదిలించేదీ సరిగ్గా ఆ నెలల్లోనే.

ఇన్ని అడ్డంకుల ముందు కొందరు చివరికి చేసే పని ఏమిటో రాయడానికి చేయి రాదు. కారులో ఎక్కించుకుని ఊరి చివర, ఇస్తిరాహాలనే విశ్రాంతి గృహాలు దాటాక, కాంక్రీటు గోడల పక్కన దింపి వచ్చేస్తారు. ఏసీ గదిలో గిన్నెలో తిండి తిని పెరిగిన జంతువు అది. నీళ్లెక్కడ దొరుకుతాయో దానికి తెలియదు. అక్కడున్న వీధికుక్కల గుంపు దాన్ని దగ్గరకు రానివ్వదు. బతికి బట్టకడితే అదీ ఆ గుంపులో చేరి, పిల్లలను పుట్టించి, మనుషులకు భయంగా మారుతుంది. 2021 ఆరంభంలో రియాద్ శివార్లలో వీధికుక్కల దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు అలాగే చనిపోయిన దృశ్యాలను మనమంతా చూశాం. ఇంట్లోంచి గెంటేసిన ప్రతి కుక్కా వీధిలో ఇంకో కుక్క అవుతుంది.

చట్టం కూడా దీన్ని తేలికగా తీసుకోదు. జంతువులను హింసించడం, పట్టించుకోకుండా వదిలేయడం గల్ఫ్ దేశాల ఉమ్మడి జంతు సంక్షేమ చట్టం ప్రకారం నేరం. సౌదీలో జరిమానా పదేపదే తప్పు చేసినవారికి 4 లక్షల రియాల్స్ దాకా వెళ్లగలదు. చట్టం మాట అలా ఉంచినా, దాహంతో నాలుక చాపిన కుక్కకు బావిలో దిగి, పాదరక్షలో నీళ్లు నింపి తెచ్చి తాగించిన మనిషిని దేవుడు క్షమించాడన్న కథనం హదీసుల్లోనే ఉంది. అరబ్బుల ఇళ్లలో కుక్కలకు చోటు లేదని, అందువల్ల వాటిని ఏం చేసినా ఎవరూ అడగరని అనుకునేవారు ఆ సమాజాన్ని అర్థం చేసుకోనట్టే. వేటకు, మందల కాపలాకు, పొలం కాపలాకు కుక్కను ఉంచుకోవడాన్ని మతం అనుమతించింది. ఎడారి సంచారులైన బెదూయిన్లు సలూకీ వేటకుక్కలను తరతరాలుగా ప్రాణంగా పెంచుకున్నారు.

అయితే ఎడారిలో సలూకీ వేరు, ఫ్లాటులో హస్కీ వేరు. మంచు ప్రాంతాల్లో బండ్లు లాగడానికి పుట్టిన జాతిని రియాద్‌లో మూడో అంతస్తుకు తెచ్చుకోవడం ముద్దు కాదు, దానికి శిక్ష. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికున్న ప్రధాన మార్గం. జెడ్డా, దమ్మాంల ఉక్కపోతలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి రొప్పినా వేడి దిగదు. మామూలుగా 38, 39 డిగ్రీలుండే ఒంటి వేడి 41 దాటిందంటే అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. నాలుక ముదురు ఎరుపుకు తిరగడం, చొంగ జిగటగా కారడం, నడకలో తూలడం దాని గుర్తులు. అప్పుడు నీడకు తెచ్చి, ఒంటిమీద మామూలు నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని సౌదీ ప్రభుత్వం మనుషులకే నియమం పెట్టింది. గాలిలో 45 డిగ్రీలున్నప్పుడు ఎండకు కాలిన తారురోడ్డు 60 దాటుతుంది. అలాంటి రోడ్డు మీద చెప్పులేసుకుని నడుస్తూ కుక్కను వెంట లాక్కెళ్లేవారు ఉన్నారు. చేతి వెనక భాగాన్ని ఏడు సెకన్లు ఆ నేల మీద ఆనించలేకపోతే, దాని మీద కుక్కను నడిపించకూడదు. వేసవి నాలుగు నెలలూ దాన్ని బయటికి తీసుకెళ్లే వేళ ఒకటే, తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత. రాత్రి పదింటికీ 35 డిగ్రీలు దాటే ఉండే రోజులు జూలైలో చాలా వస్తాయి. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చే మనిషి రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేవగలడా? వారం కాదు, పదేళ్ల పాటు?

ఖర్చు సంగతికి వద్దాం. అందరికీ కనిపించేది తిండి. కనిపించనిది కరెంటు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే ఇంట్లో ఏసీ ఆపేసి వెళ్తారు. కుక్క ఉంటే ఆపడానికి లేదు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ తింటుందనుకుంటే పది గంటలకు 15 యూనిట్లు. యూనిట్ 18 హలాలా (0.18 రియాల్) చొప్పున నెలకు 81 రియాల్స్, పన్ను కలిపితే 93. ఇది కేవలం మనం ఇంట్లో లేని వేళ కుక్క కోసం తిరిగే ఏసీ ఖర్చు. తిండి, మందులు, టీకాలు, పిడుదుల మందు, అన్నిటి మీదా 15 శాతం వ్యాట్ ఉంది. 2018లో 5 శాతంతో మొదలై 2020 జూలైలో మూడింతలైన పన్ను ఇది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కుక్కకు వర్తించదు. పిడుదుల వల్ల వచ్చే రక్తజ్వరం, పార్వో విరేచనాలు, మింగిన ఎముక గొంతులో ఇరుక్కోవడం, ఏది వచ్చినా బిల్లు మొత్తం జేబులోంచే. నెలాఖరుకు ఊరికి పంపే డబ్బులోంచి ఆ బిల్లు కట్టాల్సి వస్తుందా లేదా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

సెలవుల ఖర్చు అసలు ఎవరూ లెక్కేయరు. జూలై, ఆగస్టుల్లో ఇండియన్ స్కూళ్లకు సెలవులిస్తే కుటుంబమంతా ఊరికి వస్తుంది. ఆ ఆరేడు వారాలు కుక్క ఎక్కడ ఉంటుంది? బోర్డింగ్‌లో పెడితే రోజు లెక్కన కట్టాలి. స్నేహితుడికి అప్పగిస్తే అతని ఇంటి యజమాని ఒప్పుకోవాలి. ఇరుగుపొరుగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కుక్క చొంగ తగిలితే నమాజుకు ముందు బట్టలు మార్చుకోవాల్సి వస్తుందని భావించే కుటుంబాలు అదే లిఫ్టు ఎక్కుతాయి. వారి ఇబ్బందిని గౌరవించి, బెల్టు పొట్టిగా పట్టుకుని, లిఫ్టు ఖాళీ అయ్యేదాకా ఆగడం పెంచేవారి బాధ్యత. కుక్క మలాన్ని ఎత్తకుండా వదిలితే 2019 నాటి సభ్యతా నిబంధనల కింద 100 రియాల్స్ జరిమానా.

ఇంకో విషయం మనసును ఎక్కువగా కలచివేస్తుంది. పెద్ద ఇళ్లలో, మజ్రాల్లో (పొలాల్లో) కుక్కను ముచ్చటపడి తెచ్చేది యజమాని, సాకేది డ్రైవరో కాపలాదారో. జగిత్యాల నుంచో, కడప నుంచో హౌస్ డ్రైవర్ వీసా మీద వెళ్లిన మన మనిషి చేతికి ఒకరోజు కుక్క బెల్టు ఇస్తారు. కుక్క కరిచినా అతను చెప్పడు. చెబితే పనిలోంచి తీసేస్తారేమోనని భయం. పసుపు అద్ది గుడ్డ కట్టుకుంటాడు. ఇది ప్రాణాంతకం. సౌదీలో నక్కల్లో, కుక్కల్లో రేబిస్ ఉంది. అల్ ఖసీమ్ ప్రాంతంలో ఒంటెలకూ సోకింది. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది ఈ వ్యాధితో చనిపోతుంటే అందులో మూడో వంతు మన దేశంలోనే. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. బయటపడటానికి వారాలు, నెలలు పట్టవచ్చు కాబట్టి గాయం మానిపోయిందన్న ధైర్యానికి అర్థం లేదు. కరిచిన వెంటనే సబ్బుతో పావుగంట పారే నీళ్ల కింద కడగాలి, అదే రోజు ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి. ఆరోగ్యశాఖ నంబర్ 937. కఫీల్‌కు (వీసా ఇచ్చిన యజమానికి) చెప్పడానికి జంకేవారు కనీసం ఆ నంబర్‌కైనా చెప్పాలి. ఇంట్లో కుక్కను పెంచే తెలుగు కుటుంబాలు కూడా తమ దగ్గర పనిచేసేవారిని ఈ విషయంలో నోరు విప్పనివ్వాలి, వైద్యం ఖర్చు భరించాలి.

సౌదీలోని తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి హాళ్లు నింపగలుగుతున్నాయి. అదే వేదిక మీద ఒక పశువైద్యుడితో అరగంట మాట్లాడించడం వాటికి కష్టం కాదు. దేశం విడిచి వెళ్లే కుటుంబం కుక్కను, ఉండబోయే కుటుంబం ఒకటి నమ్మకంగా తీసుకునేలా ఒక పట్టిక నడపడమూ కష్టం కాదు. ఏళ్ల తరబడి అక్కడే ఉండి, కాంపౌండ్ విల్లా, స్థిరమైన జీతం ఉన్నవారు కుక్కను చక్కగా పెంచుతున్నారు. పెంచగలరు. మిగిలినవారికి మా సలహా సూటిగా చెబుతాం. చేతిలో రెండేళ్ల కాంట్రాక్టు, అద్దె ఫ్లాటు, ఊళ్లో తీర్చాల్సిన అప్పు ఉన్నప్పుడు కుక్కను తెచ్చుకోకండి. పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి.

ఇప్పటికే తెచ్చుకున్నవారు ఫైనల్ ఎగ్జిట్ కోసం ఎదురుచూడకుండా ఈ నెలలోనే కుక్కకు చిప్ వేయించండి, రేబిస్ టీకా తేదీ సరిచూసుకోండి, తిరుగు ప్రయాణానికయ్యే డబ్బును ఇప్పటినుంచే విడిగా దాచండి. సౌదీ పర్యావరణ, జల, వ్యవసాయ మంత్రిత్వశాఖ నంబర్ 939. పత్రాల గురించి ఏ సందేహమున్నా, కుక్కను బయట వదిలేసే ఆలోచన రాకముందే ఆ నంబర్‌కు ఫోన్ చేయండి.