దూదేకుల ఇంటి గొంతు

బుర్రకథకు ముగ్గురు మనుషులు చాలు. నడుమ తంబురా భుజానికెత్తుకుని, వేళ్ళకు అందెలు తొడిగి, కాళ్ళకు గజ్జెలు కట్టిన కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కుడివంత నడుస్తున్న రాజకీయాలు ఎత్తుతాడు, ఎడమవంత నవ్విస్తాడు. కథకుడు విడిచిన చోట వంతలు అందుకోవాలి. ఆ అందుకోవడంలో అరక్షణం జాగైతే యుద్ధఘట్టం కూడా చప్పబడిపోతుంది. షేక్ నాజర్ అనగానే ఆయన గొంతు గుర్తుకొస్తుంది గానీ, గుంటూరు సీమలో ఆయన నిలబెట్టింది ఇలా ముగ్గురూ ఒక్క ఊపిరిగా పాడే పద్ధతిని.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. పత్తి ఏకడం ఆ కులానికి తాతలనాటి వృత్తి. తర్వాతి కాలంలో అంగడాల వెంకట రమణమూర్తి అక్షరబద్ధం చేసిన ఆయన జీవితకథకు ‘పింజారి’ అని పేరు పెట్టడం వెనక ఉన్నది ఆ వృత్తే. చిన్ననాడే నాటకాల్లో వేషాలు కట్టి, నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య దగ్గర సంగీతం నేర్చుకున్నారు. నాజర్‌ను తలుచుకునేటప్పుడు కమ్యూనిస్టు ఉద్యమం గురించి పేజీలు నింపేవాళ్ళు ఈ శిక్షణను ఒక్క వాక్యంతో దాటేస్తుంటారు. ఆ సాధనే లేకపోతే తెల్లవార్లూ పాడినా అదరని గొంతు ఎక్కడినుంచి వస్తుంది?

1942లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తొలగింది. 1943లో బొంబాయిలో ఇప్టా అనే ప్రజా నాటక సంఘం ఏర్పడింది, ఆ ఊపులోనే ఆంధ్రలో ప్రజానాట్యమండలి వచ్చింది. ఊరూరా తిరగడానికి దానికి తేలికైన కళ కావలసి వచ్చింది. నాటకానికి తెరలు కావాలి, పాత్రధారులు కావాలి, మోసుకెళ్ళడానికి బండి కావాలి. బుర్రకథకు అవేవీ అక్కర్లేదు. అరుగు మీదో కళ్ళంలోనో ఒక పెట్రోమాక్స్ లైటు ఉంటే సరిపోతుంది. రచయిత సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి కథలు రాసిచ్చారు. రాజుల కథలు పాడిన తంబురా మీదే రైతు అప్పులూ కూలివాడి ఆకలీ పలికాయి. ఆ మండలి దళంతో నాజర్ బెంగాల్ కరువు మీద కథ చెప్పారు. అప్పటికి ఆయనకు ఇరవై దాటి కొన్నేళ్ళే. శాస్త్రీయ రాగాన్ని జానపద దరువుతో కలిపి, పాటకు అభినయాన్నీ అడుగునూ జోడించి, కథకుణ్ణి ఒకేసారి గాయకుడిగా, నటుడిగా, నర్తకుడిగా నిలబెట్టారు.

కష్టజీవుల బతుకు పాట కావడం ఇక్కడే కాదు; ఆ 1943లోనే అమెరికాలో గాయకుడు మడ్డీ వాటర్స్ మిసిసిపీ పత్తి తోటలు వదిలి చికాగో చేరాడు. పత్తి చేలల్లో నల్లవాళ్ళ నోట పుట్టిన బ్లూస్‌ను అక్కడ ఎలక్ట్రిక్ గిటారు మీదికి తెచ్చాడు. 1950లో ఆయన పాడిన పాట పేరునే 1962లో లండన్ కుర్రాళ్ళు కొందరు తమ జట్టుకు పెట్టుకుని రోలింగ్ స్టోన్స్ అయ్యారు. బ్లూస్ అలా సముద్రం దాటి, ఆ కష్టం ఎరగని పిల్లల చేతుల్లో బ్లూస్ రాక్‌గా ఎదిగింది. నాజర్ దళానికి ఆ దూరం లేదు. పాడేది ఎవరి బతుకో వాళ్ళే ఎదురుగా కూర్చుని వినేవారు.

స్వాతంత్ర్యం వచ్చాక తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టుల మీద నిర్బంధం బిగించింది. కళాకారులూ దెబ్బతిన్నారు, ప్రజానాట్యమండలి దళాలు చెదిరిపోయాయి. నాజర్ మాత్రం తంబురా దించలేదు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట ఊళ్ళకు ఊళ్ళనే కదిలించాయి. పార్టీ మీటింగులకు రానివాళ్ళు సైతం పల్నాటి బాలచంద్రుడి కోసం వచ్చి కూర్చునేవారు. 1954లో ఎన్.టి.రామారావు, భానుమతి నటించిన ‘అగ్గిరాముడు’ సినిమాలో అల్లూరి బుర్రకథ చెబుతూ ఆయన తెరమీద కనిపించారు. గుంటూరు జిల్లా అరుగుల మీద రాటుదేలిన ఆ గొంతు, బుర్రకథ ఏనాడూ చూడని ఊళ్ళకు సైతం సినిమా హాళ్ళ ద్వారా చేరింది.