భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు బహిరంగ లేఖ: హంపిలో కంచె వెలుపలి రాళ్ల సంగతి

హంపి విఠలాలయ ప్రాంగణంలోని రాతిరథం గరుత్మంతుడి గుడి. 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ దానిదే. ముందున్న రెండు ఏనుగులూ తర్వాతి కాలంలో తెచ్చిపెట్టినవి. మొదట అక్కడ గుర్రాలుండేవి. వాటి వెనక కాళ్లు, తోకలు ఏనుగుల చాటున రాతిలో ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. వంగి, కాసేపు ఆగి చూసినవాళ్లకే అవి కంటబడతాయి.

ఇప్పుడు ఆ రథం చుట్టూ కంచె ఉంది. రాయిని తడితే స్వరాలు పలికే స్తంభాల మండపంలోకి సందర్శకులకు ప్రవేశం లేదు. కారణం న్యాయమైనదే. 2019లో కొందరు యువకులు హంపిలో ఒక స్తంభాన్ని తోసి పడేస్తే, కోర్టు వాళ్లచేతనే దాన్ని తిరిగి నిలబెట్టించి, ఒక్కొక్కరికి 70,000 రూపాయల జరిమానా వేసింది. అలాంటి చేతుల నుంచి రాయిని కాపాడాల్సిందే.

అయితే హంపికి ముప్పు సందర్శకుడి చేతుల నుంచేనా? విరూపాక్షాలయం ఎదుట బజారు పొడవునా ఉన్న రాతి మండపాల్లో ఒకప్పుడు దుకాణాలు నడిచేవి, కుటుంబాలు కాపురం ఉండేవి. ఆక్రమణల పేరుతో 2011లో వాళ్లందరినీ ఖాళీ చేయించారు. జనం ఉంటే కట్టడాలు పాడవుతాయన్నారు. జనం వెళ్లిపోయిన పదమూడేళ్లకు, 2024 మేలో, ఆ వరుసలో కొంత భాగం వానలకు కూలింది. ఆ రోజు దాన్ని తోసినవాడెవడూ లేడు. మరి జరిమానా ఎవరికి? రాయి మీద పడిన చెయ్యి కనిపించినప్పుడు, రాయి కింద నానిపోతున్న పునాది ఎందుకు కనిపించలేదు? కూలకముందు ఆ వరుసను చివరిసారి ఎవరు పరీక్షించారు? ఇంకా ఎన్ని మండపాలు అదే స్థితిలో ఉన్నాయి?

యునెస్కో లెక్క ప్రకారం హంపిలో మిగిలిన కట్టడాలు 1,600కు పైనే. అనంతపురం నుంచో కర్నూలు నుంచో పిల్లలతో వచ్చిన కుటుంబం నలభై రూపాయల టికెట్‌తో చూసేది విఠలాలయం, లోటస్ మహల్ ఉన్న జనానా ఆవరణ, కమలాపురం మ్యూజియం. అదీ ఒక్క రోజులోనే చూడాలి. కంచె, కాపలా, శ్రద్ధ అన్నీ ఆ చుట్టుపక్కలే. మిగతా ఊరంతా, ఆముక్తమాల్యద రాసిన రాయలు ఏలిన ఊరు, ఎవరి పూచీ? సర్వేక్షణ సంస్థ ఉంది, రాష్ట్ర పురావస్తు శాఖ ఉంది, గుళ్లకు దేవాదాయ శాఖ ఉంది, వీటికి తోడు ప్రపంచ వారసత్వ ప్రాంత నిర్వహణ ప్రాధికార సంస్థ కూడా ఉంది. ఇన్ని ఉండి, మండపం కూలినప్పుడు ముందుకొచ్చి జవాబు చెప్పేది ఏది?

పాత గాయాలు సంస్థకు తెలియనివి కావు. 1986లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన హంపి, అక్కడ తలపెట్టిన వంతెనల గొడవతో 1999 నుంచి 2006 దాకా యునెస్కో ప్రమాద జాబితాలో నలిగింది. వాటిలో ఒకటైన ఆనెగొంది వంతెన 2009లో కట్టుబడిలోనే కూలింది. ప్రతిసారీ కూలాకే కదలిక.

కంచె తీయమని ఎవరూ అడగడం లేదు. రథం మీద ఉన్న శ్రద్ధలో కొంతైనా టికెట్ లేని మండపాలకు దక్కాలి. ఏవి బలహీనంగా ఉన్నాయో, ఏ పనులు జరుగుతున్నాయో వచ్చే వానాకాలం లోపే జనానికి తెలియజేయాలి.