అమ్మండయ్యా, కొంటాం!

2017 ఫిబ్రవరి 16, గురువారం రాత్రి. న్యూజెర్సీలో ఎడిసన్‌కు దగ్గర్లో ఒక మల్టీప్లెక్సు. ఆఫీసులో ఏదో అబద్ధం చెప్పి ముందే బయటపడి, అప్పటికి పదమూడేళ్లున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని ‘న్యూసీస్’ చూడ్డానికి వెళ్లాను. సినిమా కాదది. లాస్ ఏంజిలెస్‌లోని పాంటేజెస్ థియేటర్లో 2016 సెప్టెంబరులో ఆడిన రంగస్థల సంగీత నాటకం. కెమెరాలు పెట్టి దాన్ని ఉన్నదున్నట్టు తీసి, తెరమీద వేస్తున్నారు. హాల్లో సగానికి పైగా ఆడపిల్లలే, నెత్తిన పేపరు కుర్రాళ్ల టోపీలు పెట్టుకుని వచ్చారు. మొదటి అంకంలో ఒక ఘట్టం ఉంది. కుర్రాళ్లు న్యూస్‌పేపర్లు నేలమీద పరిచి, వాటిమీద కాళ్లు జారుస్తూ, తిరుగుతూ, చించుతూ నాట్యం చేస్తారు. సరిగ్గా అక్కడ శబ్దం పోయింది.

బొమ్మ ఆడుతోంది, నోళ్లు కదులుతున్నాయి, వినబడేది ఏమీ లేదు. కాసేపు ఎవరూ కదల్లేదు. మా ముందు వరసలో ఒక పిల్ల సన్నగా పాట అందుకుంది. పక్కపిల్ల కలిసింది. మా అమ్మాయి సీటు అంచుకు జరిగి గొంతు విప్పింది. చూస్తుండగానే వెనక వరసల దాకా పాకింది. తెరమీద హీరో జెరెమీ జోర్డన్ నోరు తెరిచిన చోటల్లా ఈ పిల్లల గొంతు. ఒక్క మాట తప్పలేదు. శబ్దం తిరిగొచ్చేసరికి అంకం అయిపోయింది. బయటికొస్తుంటే మేనేజరు గుమ్మంలో నిలబడి మనిషికొక కాగితం ఇచ్చాడు. ఆ కాగితం సంగతి తర్వాత చెబుతాను.

ప్రొజెక్టరు మీద నాకు కోపం లేదు. యంత్రమన్నాక మొరాయిస్తుంది. మర్నాడు మళ్లీ చూద్దాంలే అంటే ఆట లేదు, అదీ నా మంట. 16, 18, 22. ఇంత పెద్ద దేశానికి కలిపి మూడు తేదీలు ప్రకటించారు. పెళ్లి ముహూర్తాలకైనా ఇంతకన్నా వెసులుబాటు ఉంటుంది. గిరాకీ చూశాక మరికొన్ని ఆటలు కలిపారు. తర్వాత డిజిటల్‌గా అమ్మారు, ఇప్పుడు డిస్నీ ప్లస్‌లో చూడొచ్చు. బీరువాలో పెట్టుకునే డిస్కు మాత్రం మాకు దక్కలేదు. తీసింది మీరే, చూపించింది మీరే, కొంటామని జనం చొక్కాలు పట్టుకుని అడుగుతున్నారు. అమ్మడానికేం రోగం?

ఇంకే నాటకం విషయంలోనైనా సరిపెట్టుకునేవాణ్నేమో. ‘న్యూసీస్’ పుట్టిందే ఇంట్లో చూసే క్యాసెట్ పుణ్యాన. 1992లో డిస్నీ అదే కథను సినిమాగా తీసింది. దర్శకుడు కెన్నీ ఓర్టెగా, హీరో క్రిస్టియన్ బేల్. సుమారు కోటిన్నర డాలర్లు పెట్టారు, ముప్పై లక్షలు కూడా రాలేదు. థియేటర్లలో అది శవం. అందులోని ఒక పాటకు ఏడాది చెత్తపాటగా రాజీ వెక్కిరింపు అవార్డు ఇచ్చారు, దాన్ని స్వరపరిచిన ఆలన్ మెంకెన్‌కు! ఆ శవానికి ప్రాణం పోసింది వీహెచ్ఎస్ క్యాసెట్. అద్దెకు తెచ్చుకున్నవాళ్లు, చిన్నప్పుడు అరిగిపోయేలా తిప్పినవాళ్లు పెద్దవాళ్లయ్యారు. దీన్ని స్టేజీకి మార్చి ఇవ్వండి మహాప్రభో, మేం వేసుకుంటాం అని బడుల నుంచి అడగటం మొదలుపెట్టారు. చివరికి 2011లో న్యూజెర్సీ మిల్‌బర్న్‌లోని పేపర్ మిల్ ప్లేహౌస్‌లో నాటకంగా వేశారు. మా ఇంటికి కారులో ఎంతో దూరం కాదు. అప్పట్లో ఆ ఊసే తెలియక పచ్చళ్లు కొనుక్కుంటూ తిరిగాను, అది నా ఖర్మ. 2012లో బ్రాడ్‌వేకు వెళ్లింది. మొదట 101 ఆటలే అన్నారు. 1,004 ఆడింది. మెంకెన్‌కు అదే కథ మీద టోనీ అవార్డు ఇచ్చారు, ఇరవయ్యేళ్ల కిందట వెక్కిరించిన కథ మీదే.

అంటే ఏమయింది? థియేటరు చంపిన దాన్ని ఇల్లు బతికించింది. ఇంట్లో పెరిగినది వేదికెక్కింది. వేదిక మీద సంపాదించినదాన్ని కెమెరాతో తీశారు. తీసిన తర్వాత ఆ ఇంటికే తలుపు మూశారు. కన్నతల్లికి కంచం పెట్టనివాణ్ని మనవైపు ఏమంటారో నేను రాయక్కర్లేదు.

నిర్మాతల దగ్గర ఎప్పుడూ ఒకే జవాబు. ఇంట్లో చూసేస్తే ఇక హాలుకెవరు వస్తారు, టికెట్టెవరు కొంటారు? తెలివైన మాటలా ధ్వనిస్తుంది. మా తాతగారు వింటే నవ్వేవారు. తెనాలి పక్కన మా ఊళ్లో, చావిట్లో గ్రామఫోను ఉండేది. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాల ప్లేట్లు గుడ్డలో చుట్టి పెట్టెలో దాచేవారు. ముల్లు మార్చి, కీ తిప్పి, ఊరి మగాళ్లంతా చుట్టూ కూర్చుని వినేవాళ్లు. ప్లేటు అరిగి రాగం బదులు గరగర వచ్చేదాకా విన్నారు. ఊళ్లో నాటకం వేస్తే పందిరి ముందు చాప పరుచుకుని తెల్లవార్లూ కూర్చున్నదెవరు? ఆ ప్లేట్లు అరగదీసినవాళ్లే. పద్యం కంఠస్థం అయినవాడే కదా ‘వన్స్ మోర్’ అని కేక వేసేది! తెలియని పద్యాన్ని మళ్లీ పాడమని ఎవడడుగుతాడు? చచ్చిపడి ఉన్న పాత్ర వన్స్ మోర్ కోసం లేచి, పద్యం పాడి, మళ్లీ పడుకుని చచ్చిన కథలు మన నాటకరంగంలో కొల్లలు. అంత మోజును ప్లేటు పెంచిందా, చంపిందా?

సినిమా వచ్చి మన నాటకాన్ని దెబ్బతీయలేదా అని ఎవరైనా లేస్తారు. తీసింది, కాదనను. కానీ దెబ్బతీసింది సినిమా అనే వేరే వస్తువు, వేరే కొట్టు, వేరే మోజు. నాటకం తాలూకు ప్లేటు నాటకానికి శత్రువు కాలేదు.

తాతగారి చావిడి సాక్ష్యం చాలదంటే లండన్ వెళదాం. ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ అనే సంగీత నాటకం పాతికేళ్ల పండక్కి 2011 అక్టోబరులో రాయల్ ఆల్బర్ట్ హాల్లో వేసిన ఆటను తీసి సినిమా హాళ్లకు పంపారు, డిస్కు కూడా అమ్మారు. డిస్కు అమ్మిన పాపానికి ఫాంటమ్ మూతపడిందా? న్యూయార్కులో ఆ తర్వాత పదకొండేళ్లకు పైగా నడిచింది. 2023 ఏప్రిల్ 16న తెర దించేనాటికి 13,981 ఆటలు. ‘న్యూసీస్’నే తీసుకోండి. తెరమీదా ఇంట్లోనూ పిల్లలు దాన్ని చూసిన అయిదేళ్ల తర్వాత, 2022 చివర్లో, లండన్ వెంబ్లీ పార్కులో కొత్తగా వేశారు, మరుసటేడు వేసవి దాకా ఆడించారు. ఆ టికెట్లు కొన్నది ఆ ముక్క ఎన్నడూ విననివాళ్లేనంటారా?

‘హామిల్టన్’ అనే ఇంకో సంగీత నాటకం సంగతి వింటే ఒళ్లు మండుతుంది. 2016 జూన్‌లో, అసలు తారాగణం చెదిరిపోకముందే, రిచర్డ్ రోజర్స్ థియేటర్లో తీశారు. మంచి పని. అదే నెలలో అత్యంత ఖరీదైన టికెట్టును 849 డాలర్లకు పెంచుతున్నామని ప్రకటించారు. ఒక్క కుర్చీకి! ఒక పక్క కుర్చీ కొనలేని జనం, ఇంకో పక్క తీసి పెట్టిన రీలు, మధ్యలో తాళం. 2021 అక్టోబరులో హాళ్లలో వేస్తామన్నారు. కరోనా వచ్చి జనాన్ని ఇళ్లలో కూర్చోబెడితే తప్ప 2020 జులై 3న ఆ తాళం ఊడలేదు, అదీ డిస్నీ ప్లస్‌కు నెలవారీ చందా కట్టినవాళ్లకే. కోట్లమంది ఇంట్లో చూసే వీలు కలిగాక, 2021 సెప్టెంబరులో బ్రాడ్‌వే తెరుచుకుంటే, అదే హాల్లో మళ్లీ మొదలై ఆడుతూనే ఉంది. 2025 సెప్టెంబరులో అదే రీలును సినిమా హాళ్లలో వేశారు. అయిదేళ్లుగా ఇంట్లో ఉన్నదాన్ని డబ్బులిచ్చి చూడమని జనాన్ని పిలిచింది ఆ కంపెనీయే. ఇంట్లో చూస్తే హాలుకు రారన్న వాదాన్ని వాళ్లే నమ్మరని చెప్పడానికి ఇంకేం కావాలి?

తీసిన ప్రతిదీ అమ్మాలని నేననను. న్యూయార్కు లింకన్ సెంటర్లో ప్రదర్శన కళల గ్రంథాలయం ఉంది. 1970లో బెట్టీ కార్విన్ అనే ఆవిడ పట్టుబట్టి నాటకాలను టేపు చేయించే భాండాగారం అక్కడ పెట్టించింది. వేల ప్రదర్శనలు అందులో భద్రంగా ఉన్నాయి. పరిశోధనకని చెప్పి, ముందుగా అనుమతి తీసుకుని, అక్కడే కూర్చుని చూడాలి. కాపీ ఇవ్వరు. దానిమీద నాకు ఫిర్యాదు లేదు. కళాకారుల సంఘాలతో అలాగని మాట ఇచ్చి తీశారు, మాట మీద నిలబడ్డారు. నా గొడవ అమ్మడానికని తీసి, టికెట్టు పెట్టి చూపించి, ఆపైన మొహం చాటేసేవాళ్లతో.

ఈలోగా పిల్లలు ఏం చేస్తున్నారో తెలుసా? ఎవరో బాల్కనీలో కోటు కింద ఫోను దాచి తీసిన దొంగ వీడియోలు చూస్తున్నారు. వాటిని వెతికి తీయించేవాళ్ల కళ్లు కప్పడానికి ‘స్లైమ్ ట్యుటోరియల్’ అని పేరు పెట్టి ఎక్కిస్తారు. జిగురుముద్ద చేయడం ఎలాగో నేర్పే వీడియో అనుకోవాలన్నమాట. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఒకసారి చూశాను. తెర మూల ఒకావిడ జుట్టు ముడి అడ్డం, గొంతు బావిలోంచి వచ్చినట్టు, ఎవరో దగ్గు. తిట్టాలని నోరు తెరిచాను. “నాన్నా, వీళ్లు అమ్మితే కొనుక్కోనా?” అంది. నోరు మూసుకున్నాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

డిస్కులెందుకు, డిజిటల్‌గా కొనుక్కోవచ్చుగా అంటారు కొందరు మేధావులు. ఆ ‘కొనడం’ ఎంత బూటకమో కాలిఫోర్నియా ప్రభుత్వానికే తెలిసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ చట్టం ఉంది. ఇచ్చేది వస్తువు కాదు, రద్దయ్యే లైసెన్సు మాత్రమేనని తేటగా చెప్పకుండా డిజిటల్ సరుకు మీద ‘కొనండి’ అని రాయకూడదు. చందా సంగతి అంతకన్నా గొప్ప. డిస్నీ ప్లస్ తన సొంత ఖర్చుతో తీయించిన ‘విల్లో’ సీరియల్‌ను 2022 నవంబరులో మొదలుపెట్టి, 2023 మేలో తీసి పారేసింది. కన్నబిడ్డకు ఆరు నెలలైనా నిండని ఆయుష్షు. అలాంటి ఇంట్లో ‘న్యూసీస్’ అద్దెకుంటోంది. మేం వెళ్లి చూసి రావాలట, ఇంటాయన దయ ఉన్నన్నాళ్లు.

నటులకు, వాయిద్యకారులకు, తెరలాగేవాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వకుండా డిస్కు ఎలా వేస్తారని అడిగితే, ఆ మాట ఒక్కటీ న్యాయమైనది. ఇవ్వండి. డిస్కు ధరలో వాళ్ల వాటా కలిపి రాయండి. యాభై డాలర్లు పెట్టండి, ఆ కాగితం నాట్యంలో మోకాళ్లు అరగదీసుకున్న కుర్రాళ్లకు అందులోంచి పంచండి. తప్పుగా అనుకునే అభిమాని నాకింతవరకు తగల్లేదు. దొంగ వీడియో మీద వాళ్లకు పైసా రాదు. ఇచ్చే వాటాల లెక్క కష్టమంటారా? హాళ్లలో వేసినప్పుడు ఆ లెక్క ఎలా తేలిందో అలాగే తేలుతుంది.

అన్నట్టు, ‘న్యూసీస్’ కథేమిటో చెప్పలేదు కదూ. 1899, న్యూయార్కు. పేపరు కుర్రాళ్లు వంద పేపర్లు యాభై సెంట్లకు కొని, ఒక్కోటి ఒక సెంటుకు అమ్మేవాళ్లు. మిగిలినవి వాళ్ల నెత్తిన పడేవి. స్పెయిన్‌తో యుద్ధం రోజుల్లో పెంచిన అరవై సెంట్ల ధరను యుద్ధం అయిపోయాక మిగతా పత్రికలు దించాయి. జోసెఫ్ పులిట్జర్, విలియం రాండాల్ఫ్ హర్స్ట్ దించలేదు. కాళ్లకు జోళ్లు లేని పిల్లలు జులైలో సమ్మె కట్టి, రెండు వారాలు ఆ ఇద్దరి పత్రికలనూ వీధుల్లో తిరగనివ్వలేదు. ధర తగ్గలేదు. కానీ అమ్ముడుపోని పేపర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి ఆ కోటీశ్వరులిద్దరూ ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ రాత్రి మేనేజరు ఇచ్చిన కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది. మరోసారి ఏ సినిమాకైనా ఉచితంగా రావచ్చని పైన పెద్ద అక్షరాలు. ప్రత్యేక ప్రదర్శనలకు చెల్లదని కింద చిన్న అక్షరాలు.